‘ఉత్తేజపరచు’ను ఎక్కడ వాడాలి, ఎలా వాడాలి?

‘ఎనర్జీ ఇచ్చింది’ అనే భావానికి తెలుగులో ఏం రాయాలి? ఉత్తేజమా, ఉత్సాహమా, ఉద్దీపనా, ప్రేరణా? అనువాదాలు చేసేవాళ్లు, ప్రకటనలు రాసేవాళ్లు, వక్తృత్వ పోటీకి తయారయ్యే పిల్లలు పదేపదే అడిగే ప్రశ్న ఇది. నాలుగూ ఒకటేనని చాలామంది అనుకుంటారు. వీటిలో ఏ రెండూ ఒకటి కావు. అందులోనూ ‘ఉత్తేజపరచు’ అనే మాట ఇప్పుడు ఎక్కువగా నలుగుతోంది. చర్మాన్ని ఉత్తేజపరిచే సబ్బు, జీవితాన్ని ఉత్తేజపరిచే ఆఫరు, మిమ్మల్ని ఉత్తేజపరిచే బూట్లు అంటూ ఎక్కడ పడితే అక్కడ కనిపిస్తోంది. మంచి మాట ఇలా అరిగిపోతుంటే బాధేస్తుంది. దాన్ని దాని చోట పెట్టడం కష్టమేమీ కాదు, కింది వరుసలో వెళ్తే చాలు.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీరు రాయదలచిన వాక్యం, మొదటి నుంచి చివరి దాకా. విడిగా ఒక్క మాట పట్టుకుని ‘దీనికి తెలుగేమిటి’ అని వెతికితే తప్పు మాటే దొరుకుతుంది.
- ఆ వాక్యంలో ఇచ్చేది ఎవరు, పుచ్చుకునేది ఎవరు అన్న స్పష్టత.
- ఒక నిఘంటువు. అంతర్జాలంలో ఆంధ్రభారతి తెరిస్తే పాత నిఘంటువులు చాలావరకు ఒకే చోట వెతకవచ్చు.
- రాసింది పైకి చదివితే వినే మనిషి. ఎవరూ లేకపోతే మీరే గట్టిగా చదువుకోండి.

వ్యుత్పత్తి, కొద్దిగా

ఉత్తేజం సంస్కృతం నుంచి వచ్చింది. ‘ఉత్’ ఉపసర్గ, ‘తిజ్’ ధాతువు. తిజ్ అంటే పదును పెట్టడం. తేజస్సు, తీక్ష్ణం కూడా ఆ ధాతువు నుంచి పుట్టినవే. సానరాయి కత్తికి కొత్తగా ఇనుము ఇవ్వదు, ఉన్న ఇనుముకే వాడి తెస్తుంది. ఉత్తేజపరచడమూ అంతే: లోపల ఉన్నదాన్ని చురుకు చేయడం. ఈ ఒక్క సంగతి గుర్తుంటే కింది మెట్లలో సగం మీకు తెలిసిపోయినట్టే.

1. అందుతున్నది శక్తా, చురుకుదనమా తేల్చుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే, తొందరపడకండి. లేనిదాన్ని బయటి నుంచి అందిస్తే అది శక్తినివ్వడం. ఉన్నదాన్ని మేల్కొలిపితే అది ఉత్తేజపరచడం.

చక్కెర, కెఫీన్‌లను పక్కపక్కన పెట్టి చూడండి. ఒక గ్రాము చక్కెర శరీరానికి సుమారు 4 కిలో కేలరీల శక్తినిస్తుంది. కెఫీన్ అలాంటిదేమీ ఇవ్వదు. పాలు, పంచదార లేని కాఫీలో కేలరీలు లేనట్టే లెక్క. మరి తాగగానే మత్తు ఎలా వదులుతోంది? మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పేరుకునేకొద్దీ నిద్ర ముంచుకొస్తుంది. అది వెళ్లి అతుక్కోవాల్సిన చోట్లను కెఫీన్ ముందే ఆక్రమిస్తుంది. అందుకే అలసట ఉన్నా తెలియదు. కాబట్టి ‘చక్కెర శక్తినిస్తుంది’, ‘కెఫీన్ నాడీవ్యవస్థను ఉత్తేజపరుస్తుంది’ అని రాయాలి. తిరగేసి రాస్తే భాషే కాదు, విషయమూ తప్పుతుంది.

హెచ్చరిక: ఆరోగ్యం గురించి రాసేటప్పుడు ఈ తేడా మరీ ముఖ్యం. ఉత్తేజపరిచే పానీయాన్ని ‘శక్తినిచ్చేది’ అని రాస్తే, నీరసంగా ఉన్నవాళ్లు దాన్ని తిండికి బదులుగా భావించే ప్రమాదం ఉంది.

రెండు మాటలూ ఒకే వాక్యంలో సరిపోయే చోట్లు కూడా లేకపోలేదు. హైడ్రోజన్ పరమాణువులో అట్టడుగు స్థాయిలో ఉన్న ఎలక్ట్రాన్‌కు 10.2 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి అందితే అది మొదటి ఉత్తేజిత స్థాయికి చేరుతుంది. అందినది శక్తి, దానివల్ల ఏర్పడిన స్థితి ఉత్తేజితం. దేని చోట అది కుదురుకుంది.

2. పుచ్చుకునేది ఎవరో, ఏమిటో చూడండి

మనిషి మనసు, జనసమూహం, జట్టు, ఉద్యమం: ఇవి ‘ఉత్తేజపరచు’కు సొంత ఇళ్లు. ‘నాయకుడి మాటలు కార్యకర్తలను ఉత్తేజపరిచాయి’ అంటే వంక పెట్టేదేమీ లేదు. నాడులు, మెదడు, గ్రంథులు వంటి వాటికీ ఈ మాట నప్పుతుంది. అవి ప్రేరేపిస్తే స్పందించేవి కదా.

శరీరం మొత్తానికి బలం చేకూరిందని చెప్పాలంటే మాత్రం సత్తువ, ఓపిక, బలం అనే మాటలు తీసుకోండి. ‘నాలుగు మెతుకులు తింటే ఓపిక వస్తుంది’ అనే వాక్యంలో ఉత్తేజాన్ని దూర్చాలని చూడండి, ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో మీకే తెలుస్తుంది.

సంస్థకో, పాత కళకో, మూలనపడ్డ పథకానికో అయితే ‘కొత్త జవసత్వాలు నింపింది’, ‘ఊపిరి పోసింది’, ‘జీవం పోసింది’ అనండి. జవం అంటే వేగం, సత్వం అంటే బలం. ఆ జంటలో రెండూ ఉన్నాయి కాబట్టి ఇలాంటి చోట్ల అది ఉత్తేజం కన్నా నిండుగా ఉంటుంది. ఎండిపోతున్న పైరుకు వాన ‘ప్రాణం పోస్తుంది’. పైరును ఉత్తేజపరిచిందని ఎవరూ అనరు.

ఆర్థిక వ్యవస్థకు ‘ఉద్దీపన’ స్థిరపడింది. 2020లో కరోనా కాలపు వార్తల్లో ‘ఉద్దీపన ప్యాకేజీ’ అన్న మాట అందరికీ అలవాటైంది. దాన్నిప్పుడు మార్చడం అనవసరం.

హెచ్చరిక: విద్యుత్ తీగల విషయంలో అలంకారాలు వద్దు. ఇంగ్లిష్ సూచనల్లో ‘లైన్ ఎనర్జైజ్ అయింది’ అని ఉంటే ‘లైను ఉత్తేజితమైంది’ అని రాయకండి. ‘లైనులో కరెంటు ఉంది, ముట్టుకోవద్దు’ అని రాయండి. పని చేసేవాళ్లు ‘లైన్ ఛార్జ్ చేశారు’ అంటారు, అదీ అర్థమవుతుంది. చదివినవాడికి క్షణంలో తలకెక్కకపోతే ప్రాణం పోయే చోటు అది.

3. ఇరుగుపొరుగు మాటలను విడదీయండి

ఉత్సాహం, ఉత్తేజం: ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఉత్సాహం ఊరికే కూడా కలగవచ్చు. పొద్దున్నే లేచేసరికి ఏ కారణమూ లేకుండా ఉత్సాహంగా అనిపించవచ్చు. ఉత్తేజం అలా కాదు, దాని వెనక ఏదో ఒకటి ఉండి తీరాలి: ఒక మాట, ఒక పాట, ఒక సంఘటన. పైగా ఉత్సాహం నిలకడగా ఉండగలదు. అలంకారశాస్త్రం వీరరసానికి ఉత్సాహాన్ని స్థాయీభావంగా చెప్పింది, అంటే రసానికి నిలిచి ఉండే పునాదిగా. ఉత్తేజం ఆ పూటకు ఎగసేది. ‘దేనివల్ల?’ అని అడిగి చూడండి. జవాబు వాక్యంలో ఉంటే ఉత్తేజం, లేకపోతే ఉత్సాహం.

ప్రోత్సాహం: ప్ర, ఉత్సాహం కలిసిన మాట. వెన్ను తట్టడం, అండగా నిలవడం ఇందులో ఉంటాయి. ఇది నెలల తరబడి, ఏళ్ల తరబడి సాగవచ్చు. ‘తల్లిదండ్రులు నన్ను చదువులో ఉత్తేజపరిచారు’ కాదు, ‘ప్రోత్సహించారు’.

ప్రేరణ: ఒక పనికి పూనుకునేలా చేసేది. ప్రేరణలో ఫలానా పని వైపు నడిపించడం ఉంది. ‘అక్క విజయం నాకు ప్రేరణ’ అంటే నేనూ ఆ దారి పట్టానని. ‘అక్క విజయం నన్ను ఉత్తేజపరిచింది’ అంటే నాలో చలనం వచ్చిందని మాత్రమే, దారి సంగతి చెప్పినట్టు కాదు. చేయు నుంచి చేయించు, తిను నుంచి తినిపించు పుట్టే రూపాలను వ్యాకరణం ప్రేరణార్థకాలు అంటుంది. ఒకరు ఇంకొకరి చేత పని చేయించడం ఆ పేరులోనే కనిపిస్తుంది.

ఉద్దీపన: రగిలించడం, వెలిగించడం. మనస్తత్వశాస్త్రంలో, జీవశాస్త్రంలో ప్రతిస్పందనకు కారణమైన దాన్ని ఉద్దీపన అంటారు. కావ్యాల్లో వెన్నెల, వసంతం వంటివి ఉద్దీపన విభావాలు, అంటే పాత్రలోని భావాన్ని రగిలించేవి. మామూలు సంభాషణలో ఈ మాట బరువుగా ఉంటుంది. శాస్త్రం, ఆర్థికం, కావ్యచర్చ దాటి బయటికి తీసుకురాకపోవడమే మేలు.

ఉత్ప్రేరకం: రసాయనశాస్త్రంలో ఇది చర్య వేగాన్ని పెంచి, తాను ఖర్చు కాకుండా మిగిలేది. అమోనియా తయారీలో ఇనుము చేసేది ఆ పనే. అది శక్తినివ్వదు, చర్య సాగడానికి దాటాల్సిన అవరోధాన్ని తగ్గిస్తుంది. క్రీడావార్తల్లో ‘నిషేధిత ఉత్ప్రేరకాలు’ అనే వాడుక పాతుకుపోయింది కాబట్టి అక్కడ చదవగానే అర్థమవుతుంది. మీరే కొత్తగా రాస్తుంటే ‘ఉత్తేజకాలు’ అనడం నాకు సబబుగా తోస్తుంది.

ఉద్రేకం: అదుపు తప్పిన ఆవేశం. ‘ఉద్రేకంగా మాట్లాడాడు’ అంటే మెచ్చుకున్నట్టు కాదు. ‘ఉత్తేజపూరితంగా మాట్లాడాడు’ అంటే మెచ్చుకోవడమే. హిందీ నుంచి అనువదించేవాళ్లు ఇక్కడ కళ్లు తెరుచుకుని ఉండాలి. హిందీలో ‘ఉత్తేజిత్’, ‘ఉత్తేజక్’ అనే మాటలకు రెచ్చిపోయిన, రెచ్చగొట్టే అనే చెడు ఛాయ తరచూ ఉంటుంది. అక్షరాలు అవే కదా అని దించేస్తే, తిట్టాల్సిన ప్రసంగాన్ని పొగిడినట్టవుతుంది. అక్కడ ‘రెచ్చగొట్టే ప్రసంగం’, ‘ఉసిగొల్పే మాటలు’ అని రాయండి.

4. క్రియకు తగిన విభక్తి వేయండి

ఒకే భావాన్ని మూడు రకాలుగా చెప్పవచ్చు, మూడింటికీ విభక్తి వేరు.

- జట్టును ఉత్తేజపరిచాడు.
- జట్టుకు ఉత్తేజాన్నిచ్చాడు.
- జట్టులో ఉత్తేజం నింపాడు.

‘జట్టుకు ఉత్తేజపరిచాడు’ అన్నది తప్పు. మొదటి రెండు వాక్యాలు కలగాపులగం కావడం వల్ల వచ్చే పొరపాటు ఇది. మూడింటిలో ఏది ఎంచుకోవాలన్నది మీ ఇష్టం. నాకైతే ‘నింపాడు’ దగ్గర వాక్యం తెలుగులా వినిపిస్తుంది.

పుచ్చుకున్నవాళ్ల వైపు నుంచి చెప్పాలంటే ‘ఉత్తేజం పొందారు’, ‘ఉత్తేజితులయ్యారు’. ఒకరైతే ఉత్తేజితుడు, ఉత్తేజితురాలు. ‘ఆయన ప్రసంగం ద్వారా ప్రజలు ఉత్తేజపరచబడ్డారు’ అని మాత్రం రాయకండి. ఈ ‘బడు’ వాక్యం వ్యాకరణానికి నిలబడవచ్చు, చెవికి మాత్రం నిలబడదు. ‘ఆయన ప్రసంగంతో ప్రజలు ఉత్తేజితులయ్యారు’ అంటే సరిపోతుంది. ఇంకా తేలిగ్గా కావాలంటే ‘ఆయన మాట్లాడుతుంటే జనంలో ఊపు వచ్చింది’.

5. విశేషణం దగ్గర రెండుసార్లు ఆలోచించండి

యంత్రానువాదాల పుణ్యమా అని ఈ తప్పు అంతటా పాకింది. ‘నేను చాలా ఉత్తేజకరంగా ఉన్నాను’ అని రాస్తున్నారు. ‘కరం’ అంటే కలిగించేది. బాధాకరం బాధ కలిగించేది, ఆనందకరం ఆనందం కలిగించేది. అంటే ఆ వాక్యానికి ‘నేను మీ అందరికీ ఉత్తేజం కలిగిస్తున్నాను’ అని అర్థం వస్తుంది. రాసినవాళ్లు చెప్పాలనుకున్నది అది కాదు.

- ఇచ్చేది: ఉత్తేజకరమైన, ఉత్తేజపరిచే.
- పుచ్చుకున్నది: ఉత్తేజితమైన, ఉత్తేజం పొందిన.
- నిండి ఉన్నది: ఉత్తేజపూరితమైన, ఉత్తేజభరితమైన.

‘ఐ యామ్ ఎగ్జైటెడ్’ను తెలుగులో చెప్పడానికి అసలు ఈ మాటే అక్కర్లేదు. ‘నాకు చాలా ఉత్సాహంగా ఉంది’, ‘ఎప్పుడెప్పుడా అని ఉంది’, ‘మనసు ఆగడం లేదు’ అని సందర్భాన్ని బట్టి చెప్పుకోవచ్చు. ఇష్టమైనవాళ్ల నుంచి ధైర్యం చెప్పే కబురు వచ్చినప్పుడు ‘వెయ్యేనుగుల బలం వచ్చింది’ అనేస్తాం. ఆ మాటలో ఉన్న ఎనర్జీ ఏ అనువాదంలోనూ రాదు.

6. అక్షరాలు సరిచూసుకోండి

- ఉత్తేజం ఒప్పు. ‘ఉత్తేజ్యం’ తప్పు. చివర యావత్తు లేదు.
- ఉద్దీపన ఒప్పు. ‘ఉద్ధీపన’ తప్పు. ఉత్, దీపన కలిసినప్పుడు మహాప్రాణం, అంటే ఒత్తి పలికే ‘ధ’, రావడానికి కారణం లేదు. ఉద్ధరణలో అది ఉంది, ఎందుకంటే అక్కడ ఉత్ పక్కన హరణ చేరింది.
- ప్రోత్సహించు ఒప్పు. ‘ప్రోత్సాహించు’ తప్పు. నామవాచకంలో దీర్ఘం, క్రియలో హ్రస్వం.
- పునరుత్తేజం ఒప్పు. ‘పునరోత్తేజం’ తప్పు. ‘మళ్లీ పునరుత్తేజం’ అనడం కూడా దండగ, పునః అంటేనే మళ్లీ అని.
- శక్తిమంతం అన్నది వ్యాకరణ సమ్మతమైన రూపం. ‘శక్తివంతం’ వాడుకలో బాగా వ్యాపించింది. బలం, ధనం వంటి అకారాంతాలకు ‘వంతుడు’, బుద్ధి, శక్తి వంటి ఇకారాంతాలకు ‘మంతుడు’ చేరతాయి. ‘బుద్ధివంతుడు’ అని ఎవరమూ అనం కదా. వ్యాసాల్లో, పరీక్షల్లో శక్తిమంతం రాయండి. మాటల్లో ఎవరైనా శక్తివంతం అన్నా దిద్దడానికి పూనుకోకండి.

ఇంకొకటి: ఇంగ్లిష్‌లో ‘ఎంపవర్’ కనబడగానే ‘శక్తివంతం చేయడం’ అని రాసేస్తున్నారు. అక్కడ ఉద్దేశం హక్కులు, అధికారం. దానికి ‘సాధికారత’ ఉంది.

7. తేలిక మాట చాలేమో చూడండి

అన్నీ సరిగ్గా ఉన్నాక చివరగా ఆగి, ‘ఇంట్లో అయితే దీన్ని ఎలా అనేవాళ్లం?’ అనుకోండి. ఊపు, హుషారు, జోరు, చురుకు చాలా సందర్భాల్లో సరిపోతాయి. ‘ఆ పాట మాకు ఊపునిచ్చింది’, ‘టీ పడగానే హుషారొచ్చింది’, ‘రెండో సగంలో జట్టు జోరు పెంచింది’. సభల్లో, సంపాదకీయాల్లో ఉత్తేజానికి నిండుదనం ఉంది, అక్కడ వాడండి. స్నేహితుడికి రాసే సందేశంలో అదే మాట అట్టలా బిర్రబిగుసుకుంటుంది.

పేజీకి ఒకసారి చాలు. రెండోసారి వచ్చిందంటే రెండింటిలో ఒకటి బహుశా ఉత్సాహమో ఊపో అయి ఉండాలి.

రాసింది సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

మాటను తీసి దాని చోట ‘చురుకు పుట్టించు’ పెట్టి చదవండి. అర్థం నిలబడితే మీరు వాడింది సరైన చోటే. ‘ఈ పోషకాహారం పిల్లలను ఉత్తేజపరుస్తుంది’ అనే వాక్యాన్ని ఇలా మార్చి చూస్తే ‘పిల్లల్లో చురుకు పుట్టిస్తుంది’ అని వస్తుంది. రాసినవారి ఉద్దేశం బలం ఇస్తుందని అయితే, మాట మార్చాలి.

తర్వాత ‘రెచ్చగొట్టు’ పెట్టి చదవండి. అదే ఎక్కువగా సరిపోతోందనిపిస్తే మీ వాక్యంలో ఉన్నది ఉత్తేజం కాదు.

‘దేనివల్ల?’ అన్న ప్రశ్న మళ్లీ వేయండి. ‘యువత ఉత్తేజంతో పాల్గొంది’ అని రాశారనుకోండి. దేనివల్ల వచ్చిన ఉత్తేజం? ముందు వాక్యంలోనైనా కారణం లేకపోతే ‘ఉత్సాహంతో పాల్గొంది’ అని దిద్దండి. వార్తల్లో ఈ ఒక్క దిద్దుబాటే చాలాసార్లు అవసరమవుతుంది.

ఆఖరున పైకి చదవండి. వినేవాళ్లు ‘అంటే ఏంటి?’ అని అడిగితే మాట విడమరచి చెప్పడానికి పోకండి. మీరు జవాబుగా నోటితో ఏం చెప్పారో దాన్నే కాగితం మీద పెట్టండి.